కేప్‌టౌన్, దాని ద్రాక్షసీమ

దక్షిణాఫ్రికా నైరుతి కొసన ఉన్న కేప్‌టౌన్‌కు జంటలుగా వచ్చే విహారయాత్రికులు పట్టే దారి దాదాపు ఒక్కటే. రెండు మూడు రోజులు నగరం చూస్తారు. టేబుల్ మౌంటెన్ మీదికి కేబుల్ కారు, రేవు, రోబెన్ ద్వీపం. ఆ తర్వాత ద్రాక్షతోటల వైపు మళ్లుతారు. నగరం అంచునే కాన్‌స్టాన్షియా, తూర్పున సుమారు 50 కిలోమీటర్ల దూరంలో స్టెల్లెన్‌బాష్, దాని వెనక కొండల నడుమ ఫ్రాన్స్‌హుక్, కాస్త ఉత్తరంగా పార్ల్. సున్నం వేసిన తెల్లటి గోడలు, గడ్డి కప్పు, వంపులు తిరిగిన ముఖగోడలతో పెద్ద పెద్ద ఇళ్లు, ముందు ఓక్ చెట్ల వరసలు, వెనక నీలికొండలు. ఈ అందంలో ప్రకృతి ఇచ్చింది సగమే. మిగతా సగాన్ని ఒక వర్తక కంపెనీ అవసరం, మతహింసకు తాళలేక పారిపోయి వచ్చినవాళ్ల పట్టుదల, అన్నిటికంటే ఎక్కువగా బానిసల రెక్కల కష్టం తయారుచేశాయి. ఆ కష్టంలో కోరమండల్ తీరం నుంచి ఓడలెక్కించి తీసుకుపోయిన మనుషుల పాలు కూడా ఉంది.

డచ్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి యాన్ వాన్ రీబెక్ 1652 ఏప్రిల్ 6న టేబుల్ బే తీరంలో దిగాడు. అక్కడ వలసరాజ్యం స్థాపించమని కంపెనీ అతన్ని పంపలేదు. హాలండ్ నుంచి జావా ద్వీపంలోని బతావియాకు, మచిలీపట్నానికి, సింహళానికి వెళ్లే ఓడలు నెలల తరబడి సముద్రం మీదే ఉండేవి. పీపాల్లో మంచినీళ్లు కుళ్లిపోయేవి. తాజా కూరగాయలు, పండ్లు లేక నావికులు స్కర్వీ రోగంతో చిగుళ్లు వాచి, రక్తం కారి చనిపోయేవారు. దారి మధ్యలో నీళ్లు, కూరగాయలు, మాంసం అందించే మజిలీ ఒకటి కావాలి. నేటికీ నగరం నడిబొడ్డున ఉన్న కంపెనీ గార్డెన్ ఆనాడు ఓడల కోసం వేసిన కూరగాయల తోటే. అయితే అది మనుషులు లేని బీడు భూమి కాదు. ఖోయ్‌ఖోయ్ ప్రజలు ఎన్నో శతాబ్దాలుగా ఆ తీరంలో పశువులు మేపుకుంటూ, రుతువును బట్టి ఒక పచ్చిక నుంచి మరో పచ్చికకు తరలుతూ బతుకుతున్నారు.

ద్రాక్ష ఆలోచన కూడా ఓడల నుంచే పుట్టింది. వైన్ నీళ్లకంటే ఎక్కువకాలం నిలవ ఉంటుంది, నావికుల ఆరోగ్యానికి మంచిదని అప్పటి నమ్మకం. కేప్‌లో వర్షాలు చలికాలంలో కురుస్తాయి, వేసవి పొడిగా ఉంటుంది, ఆగ్నేయం నుంచి వీచే గాలి తీగలను ఆరబెడుతుంది. మధ్యధరా సముద్ర తీరాల్లోని ద్రాక్షకు సరిపోయే వాతావరణమే ఇది. 1655లో యూరప్ నుంచి తెప్పించిన తీగలు నాటారు. 1659 ఫిబ్రవరి 2న కేప్ ద్రాక్షతో మొదటిసారి వైన్ తీసినట్టు వాన్ రీబెక్ తన దినచర్యలో దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంటూ రాసుకున్నాడు. ఒక దేశపు వైన్ పరిశ్రమకు పుట్టినరోజు ఇంత కచ్చితంగా దొరకడం చాలా అరుదు. రుచి మాత్రం గొప్పగా లేదు. తొలి దశాబ్దాల్లో కేప్ వైన్ పులుపు గురించి బతావియా నుంచి ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి.

కంపెనీ 1657లో కొందరు ఉద్యోగులను కొలువు నుంచి విడుదల చేసి, లీస్‌బీక్ నది ఒడ్డున పొలాలు ఇచ్చింది. వీళ్లనే స్వేచ్ఛా రైతులు అన్నారు. ఆ పొలాలు ఖోయ్‌ఖోయ్‌ల మేత భూములు. తమ పశువులకు దారి మూసుకుపోవడంతో 1659లో వాళ్లు తిరగబడ్డారు. పోరు ముగిసి 1660లో సంధి మాటలు జరిగినప్పుడు, ఈ భూమి ఎవరిదని వాళ్లు సూటిగా అడిగారు. కత్తితో గెలిచిన భూమి మాదేనని డచ్చివాళ్లు జవాబిచ్చారు. హద్దు తెలిసేలా వాన్ రీబెక్ చేదు బాదం కంచె నాటించాడు. దానిలో కొంత భాగం ఇప్పటికీ కిర్‌స్టెన్‌బాష్ ఉద్యానవనంలో పెరుగుతోంది. పూలు చూడటానికి వెళ్లే యాత్రికులు దాని పక్కనుంచే నడుస్తారు. ఆ తర్వాతి యుద్ధాలూ, ఆపైన 1713లో ఓడల నుంచి వ్యాపించిన మశూచీ ఖోయ్‌ఖోయ్ సమాజాన్ని ఛిన్నాభిన్నం చేశాయి. బతికినవాళ్లలో చాలామంది ఒకప్పటి తమ మేత భూముల్లోనే కూలీలయ్యారు.

తోటలకు చేతులు కావాలి. స్థానికులను బానిసలుగా చేయవద్దని కంపెనీ నియమం. అందువల్ల బయటి నుంచి తేవడం మొదలుపెట్టింది. 1658లో ఆమెర్స్‌ఫోర్ట్ అనే ఓడ అంగోలా నుంచి పోర్చుగీసువాళ్లు తీసుకుపోతున్న బానిసలను నడిసముద్రంలో పట్టుకొని కేప్‌లో దింపింది. అక్కడి నుంచి 1808 దాకా సుమారు 63 వేలమంది బానిసలు కేప్‌కు చేరారని చరిత్రకారుల అంచనా. తూర్పు ఆఫ్రికా, మడగాస్కర్, భారత ఉపఖండం, ఇండోనేషియా దీవులు, ఈ నాలుగు ప్రాంతాల నుంచీ రమారమి నాలుగో వంతు చొప్పున వచ్చారు. అంటే కేప్ బానిసల్లో నలుగురిలో ఒకరు ఈ ఉపఖండం మనిషి. మన పాఠ్యపుస్తకాల్లో చోటు దొరకని సంగతి ఇది.

డచ్చివాళ్లకు మచిలీపట్నంలో 17వ శతాబ్దం తొలి సంవత్సరాల నుంచే వర్తక స్థావరం ఉంది. పులికాట్ వారి కోరమండల్ వ్యాపారానికి ముఖ్య కేంద్రం. పాలకొల్లు, భీమునిపట్నం, కాకినాడ దగ్గరి జగన్నాథపురం కూడా వారి గిడ్డంగులున్న చోట్లే. అద్దకపు బట్టలు, నీలిమందు వారి ప్రధాన సరుకు. కరువు కాలంలో మనుషులు కూడా సరుకే అయ్యారు. గింజలు లేక పిల్లలను, తమను తాము అమ్ముకున్నవాళ్లను కంపెనీ, దాని ఉద్యోగులు కొన్నారు. ఎక్కువమందిని బతావియాకు, సింహళానికి తరలించారు. కొందరు కేప్ చేరారు. కేప్ దస్తావేజుల్లో చాలామంది బానిసలకు సొంత పేరు ఉండదు. యజమాని పెట్టిన పేరు, దాని వెనక ‘బెంగాల్’, ‘మలబార్’, ‘కోరమండల్’, ‘తీరం’ అన్న ప్రాంతపు గుర్తు, అంతే. వాళ్లలో ఎందరు తెలుగు మాట్లాడేవారో చెప్పే మార్గాన్ని ఆ పద్ధతే చెరిపేసింది. దక్షిణాఫ్రికా తెలుగువాళ్ల చరిత్ర 1860లో మద్రాసు నుంచి డర్బన్‌కు వెళ్లిన ట్రూరో ఓడతో మొదలైందని చెప్పుకోవడం పరిపాటి. నాటాల్ చెరకుతోటల కథగా అది నిజమే. కానీ కోరమండల్ తీరపు మనుషులు దానికి రెండు వందల ఏళ్లకు ముందే కేప్‌లో ఉన్నారు.

ఒక్కరి కథ మాత్రం కాస్త వివరంగా మిగిలింది. దస్తావేజులు ‘పెద్ద కాట్రేన్’ అని పిలిచిన ఆమె పులికాట్‌లో పుట్టింది. బతావియాలో బానిసగా ఉండగా ఒక మనిషి మరణానికి కారణమైందని ఆమెకు శిక్ష పడింది. దాన్ని యావజ్జీవ ప్రవాసంగా మార్చి 1657లో కేప్‌కు పంపారు. అక్కడ చాకలి పని చేసింది. ఒక కంపెనీ సైనికుడి వల్ల ఆమెకు క్రిస్టోఫెల్ స్నైమాన్ అనే కొడుకు పుట్టాడు. అతని పెళ్లి దగ్గర ఈ కథ మళ్లీ ద్రాక్షతోటలను కలుస్తుంది.

1679లో కేప్ కమాండరుగా వచ్చి, తర్వాత గవర్నరైన సైమన్ వాన్ డెర్ స్టెల్‌కు వైన్ అంటే మక్కువ, దాని తయారీ మీద పరిజ్ఞానం రెండూ ఉన్నాయి. హాలండ్‌లో అతనికి సొంత ద్రాక్షతోటలు ఉండేవి. మారిషస్ దగ్గర ఓడలో పుట్టిన ఈ గవర్నరు అమ్మమ్మ మోనికా, బానిసత్వం నుంచి బయటపడిన భారతీయురాలు. వచ్చిన ఏడాదే అతను ఒక నది లోయను చూసి ముచ్చటపడి అక్కడ ఊరు పెట్టించి దానికి తన పేరు కలిపి స్టెల్లెన్‌బాష్ అన్నాడు. వీధుల వెంట ఓక్ మొక్కలు నాటించాడు. కేప్ వేడికి ఓక్ తొందరగా పెరిగిపోవడం వల్ల కలప గుల్లబారి పీపాలకు పనికిరాలేదు. నీడకు మాత్రం బాగా పనికొచ్చింది. పండని ద్రాక్షను కోసి గానుగ పట్టినవారికి జరిమానా వేయించాడు, పీపాల శుభ్రత మీద పట్టుబట్టాడు. కేప్ వైన్ రుచి మారింది ఇక్కడే.

1685లో కంపెనీ తరఫున తనిఖీకి వచ్చిన హెండ్రిక్ వాన్ రీడ్, టేబుల్ మౌంటెన్ వెనక వాలులో విశాలమైన భూమిని సైమన్‌కు రాసిచ్చాడు. ఈ వాన్ రీడ్ మలబారులో కమాండరుగా పనిచేసి, అక్కడి వైద్యుల సాయంతో 12 సంపుటాల ‘హోర్టస్ మలబారికస్’ అనే వృక్షశాస్త్ర గ్రంథం తయారు చేయించినవాడే. సైమన్ తన భూమికి కాన్‌స్టాన్షియా అని పేరు పెట్టి, గాలి, ఎండ, మట్టి పరీక్షించుకుంటూ తీగలు నాటించాడు. సముద్రపు గాలి తగిలే ఆ చల్లని గ్రానైటు వాలు తియ్యటి మస్కట్ ద్రాక్షకు అద్భుతంగా సరిపోయింది.

అదే 1685లో ఫ్రాన్స్ రాజు 14వ లూయీ నాంత్ శాసనాన్ని రద్దు చేశాడు. ప్రొటెస్టంట్లకు దేశంలో నిలవనీడ లేకుండా పోయింది. హాలండ్‌కు పారిపోయిన ఈ ఫ్రెంచి ప్రొటెస్టంట్లలో, అంటే హ్యూగెనాట్లలో, ఇంచుమించు రెండు వందలమందిని కంపెనీ 1688 నుంచి కేప్‌కు చేర్చింది. ఏనుగులు పిల్లలను ఈనే చోటుగా పేరున్న ఒక కొండలోయలో, డ్రాకెన్‌స్టైన్ మైదానంలో వాళ్లకు పొలాలు ఇచ్చారు. ఆ లోయే ఫ్రాన్స్‌హుక్. లా మోట్, కాబ్రియేర్, ప్రొవాన్స్ అంటూ వాళ్లు పొలాలకు వదిలి వచ్చిన ఊళ్ల పేర్లు పెట్టుకున్నారు. వైన్ విద్యను వాళ్లే కేప్‌కు తెచ్చారన్న ప్రచారంలో అతిశయం ఉంది. వాళ్లలో ద్రాక్ష పండించడం తెలిసినవాళ్లు కొందరే, పైగా తోటలు అప్పటికే ఉన్నాయి. ఫ్రెంచి పాఠశాలలకు, ఫ్రెంచి మాటకు కంపెనీ చోటివ్వకపోవడంతో రెండు మూడు తరాల్లో ఆ భాష కనుమరుగైంది, పొలాల పేర్లు, ఇంటిపేర్లు మిగిలాయి. వాళ్లలో ప్రముఖుడైన జాక్ ద సావోయ్ నేటి వ్రెడే ఎన్ లుస్ట్ పొలంలో స్థిరపడ్డాడు. ఆయన కూతురు మార్గరీట్‌ను పెళ్లాడింది క్రిస్టోఫెల్ స్నైమాన్, అంటే పులికాట్ కాట్రేన్ కొడుకు. ఈనాటి స్నైమాన్ ఇంటిపేరు గల శ్వేతజాతి ఆఫ్రికానర్ కుటుంబాలన్నీ ఆమె సంతతిగా లెక్క. జాతుల మధ్య పెళ్లిళ్లను 1949లో చట్టంతో నిషేధించిన సమాజానికి మూలాల్లోనే ఈ వివాహం ఉంది.

సైమన్ తర్వాత గవర్నరైన అతని కొడుకు విల్లెమ్ ఆద్రియాన్ వర్గెలెగెన్ అనే ఎస్టేటును రాజభోగంగా తీర్చిదిద్దాడు. కంపెనీ మనుషులను, బానిసలను సొంత పొలానికి వాడుకోవడం, మాంసం, వైన్ గుత్తలను అయినవాళ్లకు కట్టబెట్టడం చూసి రైతులు ఆదమ్ తాస్ నాయకత్వంలో ఆమ్‌స్టర్‌డామ్‌కు ఫిర్యాదు పంపారు. గవర్నరు తాస్‌ను జైల్లో పెట్టించినా లాభం లేకపోయింది. 1707లో గవర్నరునే వెనక్కి పిలిపించారు. వర్గెలెగెన్‌ను ముక్కలు చేసి అమ్మేశారు.

18వ శతాబ్దంలో చాలాకాలం కేప్‌లో స్వేచ్ఛగల శ్వేతజాతి జనం కంటే బానిసలే ఎక్కువమంది. కంపెనీ బానిసలు నగరంలో 1679లో కట్టిన కిటికీల్లేని స్లేవ్ లాడ్జిలో ఉండేవారు. రైతుల బానిసలు పొలాల్లో, వంటింటి మూలల్లో, కొట్టాల్లో పడుకునేవారు. చలికాలంలో కొమ్మ కత్తిరింపు, వసంతంలో తవ్వకం, కలుపు, జనవరి చివరి నుంచి మార్చి దాకా కోత, తర్వాత కాళ్లతో తొక్కి రసం తీయడం, పీపాలు కడగడం, ఎద్దుబండ్లలో నగరానికి తోలడం. తెల్లవారుజామున లేపి, పొద్దుపోయాక వదిలే గంట ఒకటి ప్రతి పెద్ద పొలంలోనూ ఉండేది. తెల్లటి కమాను మధ్య వేలాడే ఆ గంటలు ఇప్పటికీ చాలా తోటల్లో ఉన్నాయి. పెళ్లి ఫొటోలకు అది ఇష్టమైన చోటు. ఆ గంట ఎవరికోసం మోగేదో తెలిసినవాళ్లు అక్కడ నిలబడి నవ్వలేరు. కేప్ డచ్ శైలిగా పేరొందిన ఇళ్లను కట్టినవారిలో, వడ్రంగం చేసినవారిలో ఎక్కువమంది ఆసియా నుంచి వచ్చిన బానిస పనివాళ్లే.

1712లో సైమన్ చనిపోయాక కాన్‌స్టాన్షియా మూడు ముక్కలైంది. పెద్ద ముక్క గ్రూట్ కాన్‌స్టాన్షియాను 1778లో హెండ్రిక్ క్లూట్ కొన్నాడు. దాని పేరు ప్రపంచమంతా పాకింది అతని చేతి మీదుగానే. ద్రాక్షను తీగ మీదే సగం వడిలేదాకా వదిలి, ఏరి, తియ్యటి చిక్కటి వైన్ తీశాడు. 1791లో కట్టించిన కొత్త వైన్ గిడ్డంగి ముఖగోడ మీద ఆంటన్ ఆన్‌రైట్ చెక్కిన శిల్పం ఇప్పటికీ చూడవచ్చు. యూరప్ రాజాస్థానాల్లో ఈ వైన్‌కు గిరాకీ ఏర్పడింది. సెయింట్ హెలెనా ద్వీపంలో బందీగా ఉన్న నెపోలియన్ ఇంటికి అది సరఫరా అయింది. జేన్ ఆస్టిన్ 1811 నవల ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’లో ప్రేమలో దెబ్బతిన్న మనసుకు మందుగా దాన్ని సూచించే పాత్ర ఒకటి ఉంది. దక్షిణార్ధగోళం నుంచి అంత పేరు తెచ్చుకున్న తొలి వైన్ ఇదే.

కేప్‌ను 1795లో ఒకసారి, 1806లో శాశ్వతంగా బ్రిటిష్‌వాళ్లు ఆక్రమించారు. ఫ్రాన్స్‌తో యుద్ధం వల్ల ఫ్రెంచి వైన్ కరువై, 1813లో కేప్ వైన్‌కు సుంకం బాగా తగ్గించారు. రైతులు ఎక్కడ పడితే అక్కడ తీగలు నాటారు. వైన్ కొన్నాళ్లు కేప్ ముఖ్య ఎగుమతి అయింది. నాణ్యత మాత్రం పడిపోయింది. 1825 తర్వాత రాయితీలు తగ్గాయి, 1860లో బ్రిటన్ ఫ్రాన్స్‌తో కుదుర్చుకున్న వాణిజ్య ఒప్పందం వాటిని పూర్తిగా తుడిచిపెట్టింది. అప్పుల్లో మునిగిన తోటలు చేతులు మారాయి.

ఆ నడుమే బానిసత్వం ముగిసింది. 1834 డిసెంబరు 1న విముక్తి ప్రకటించారు. అయినా నాలుగేళ్లు ‘శిక్షణ’ పేరుతో పాత యజమాని దగ్గరే ఉండాలన్నారు. అసలైన విడుదల 1838 డిసెంబరు 1న వచ్చింది. నష్టపరిహారం ఇచ్చారు, బానిసలకు కాదు, యజమానులకు. భూమి లేని విముక్తుల్లో కొందరు క్రైస్తవ మిషన్ల దగ్గర చేరారు. స్టెల్లెన్‌బాష్ నుంచి ఫ్రాన్స్‌హుక్ వెళ్లే కనుమ దారిలో తగిలే పనియెల్ అలా 1843లో ఏర్పడ్డ ఊరు. కారులో వెళ్లే యాత్రికులు ఆ పక్కనున్న పేరుమోసిన ఎస్టేట్ల దగ్గర ఆగుతారు. ఆగాల్సింది పనియెల్‌లో కూడా. మిగిలినవాళ్లు మళ్లీ అవే తోటల్లో కూలికి కుదిరారు. కూలిలో కొంత భాగం డబ్బుగా కాక చవకరకం వైన్‌గా రోజుకు కొన్నిసార్లు పోసేవారు. దీన్ని డాప్ పద్ధతి అంటారు. మనిషిని తాగుడుకు కట్టేసి తోటకు కట్టేయడం దీని ఫలితం. చట్టం నిషేధించాక కూడా 20వ శతాబ్దం చివరి దాకా చాలాచోట్ల సాగింది. గర్భంలో ఉండగానే మద్యం వల్ల దెబ్బతిన్న పిల్లల సంఖ్య ప్రపంచంలోకెల్లా ఎక్కువగా నమోదైన ప్రాంతాల్లో ఈ అందమైన లోయలున్నాయి. ద్రాక్షసీమ చరిత్రలో ఇంతకంటే పెద్ద నేరం లేదు.

1886లో ఫిలోక్సెరా అనే వేరుపురుగు కేప్ చేరి తోటలను తినేసింది. తట్టుకునే అమెరికన్ వేరుమొక్కల మీద అంటుకట్టడం ఒక్కటే దారి. కాన్‌స్టాన్షియా తీపి వైన్ కూడా ఆ దెబ్బకు అంతరించింది. గ్రూట్ కాన్‌స్టాన్షియాను అప్పటికే 1885లో ప్రభుత్వం కొనేసింది. ఫ్రాన్స్‌హుక్ వైపు పొలాలు చవకగా వస్తుంటే గనుల కుబేరుడు సెసిల్ రోడ్స్ కొని, తీగలు తీయించి పండ్ల చెట్లు నాటించాడు. తీరా తోటలు కోలుకున్నాక ధర లేనంతగా వైన్ పొంగిపొర్లింది. దాంతో 1918లో రైతులు కేడబ్ల్యూవీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. కనీస ధర, తర్వాత ఎవరు ఎంత పండించాలన్న కోటా, అన్నీ దాని చేతిలోకి వెళ్లాయి. రైతు నిలబడ్డాడు, కానీ పరిమాణానికి తప్ప రుచికి విలువ లేకుండా పోయింది. 1992లో కోటాలు రద్దయ్యాయి.

ఆ కాలంలోనే ఒక మంచి పని జరిగింది. స్టెల్లెన్‌బాష్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు అబ్రహాం పెరోల్డ్ 1925లో పీనో నువార్, సాంసో రకాలను సంకరపరిచి నాలుగు గింజలు తన ఇంటి తోటలో నాటాడు. ఉద్యోగం మారి ఆయన ఆ ఇల్లు వదిలి వెళ్లాక, తోట శుభ్రం చేయడానికి కూలీలు వచ్చిన వేళకు యువ అధ్యాపకుడు చార్లీ నీహాస్ అటుగా వెళ్లి ఆ మొక్కలను కాపాడాడు. పీనోటాజ్ అన్న ఆ రకం పేరుతో 1961లో మొదటి సీసా బజారుకు వచ్చింది. దక్షిణాఫ్రికా తనదని చెప్పుకోగల ద్రాక్ష ఇది.

తోటలు యాత్రికులకు తలుపులు తెరిచింది ఇటీవలే. సిమోన్‌సిగ్ తోట రైతు ఫ్రాన్స్ మలాన్ ఫ్రాన్స్‌లో వైన్ దారులు చూసి వచ్చి, నీల్ జుబేర్, స్పాట్జ్ స్పెర్లింగ్‌లతో కలిసి 1971లో స్టెల్లెన్‌బాష్ వైన్ రూట్ మొదలుపెట్టాడు. పొలానికి వచ్చి, రుచి చూసి, నేరుగా కొనుక్కునే పద్ధతి దేశంలో అక్కడే నాటుకుంది. సరిగ్గా అవే ఏళ్లలో కేప్‌టౌన్‌లో డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటను శ్వేతజాతి వారికే అని 1966లో ప్రకటించి, సుమారు 60 వేలమందిని ఇసుకమైదానాలకు తోలుతూ బుల్‌డోజర్లతో ఇళ్లు కూల్చారు. వాళ్లలో ఎందరో బానిసల మనవల మనవలు. నల్లవారు, మిశ్రజాతివారు తోటల్లో పనివాళ్లుగా తప్ప అతిథులుగా అడుగుపెట్టలేని రోజులవి. వర్ణవివక్షకు నిరసనగా చాలా దేశాలు ఆ వైన్ కొనడం మానేశాయి.

నెల్సన్ మండేలా జైలు నుంచి బయటకు నడిచింది ఈ ద్రాక్షసీమలోనే. 1990 ఫిబ్రవరి 11న పార్ల్ దగ్గరి విక్టర్ వెర్‌స్టర్ జైలు గేటు దాటి, తోటల మధ్య రోడ్డు మీదుగా కేప్‌టౌన్ చేరి నగర మందిరం మేడ మీంచి ప్రసంగించాడు. ఆ తర్వాత విదేశీ మార్కెట్లు తెరుచుకున్నాయి, యాత్రికుల విమానాలు పెరిగాయి. అంతకు కాస్త ముందే కాన్‌స్టాన్షియాలోని క్లైన్ కాన్‌స్టాన్షియా తోట 1986 కోతతో పాత తీపి వైన్‌ను మళ్లీ తయారుచేసింది. పాత రేవు షికారు వీధి అయింది. ఫ్రాన్స్‌హుక్‌లో 2012 నుంచి తోట నుంచి తోటకు తిప్పే ట్రాము నడుస్తోంది. అదే ఏడాది నవంబరులో డె డూర్న్స్ అనే ఊళ్లో ద్రాక్ష కూలీలు సమ్మె కట్టారు. రోజుకు 69 రాండ్ల కనీస కూలి 2013లో 105 రాండ్లకు పెరిగింది. అతిథుల గది అద్దె, ఆ కూలి పక్కపక్కన పెట్టి చూస్తే మార్పు ఎంత మిగిలి ఉందో అర్థమవుతుంది.

కేప్‌టౌన్ వెళ్లే తెలుగు దంపతులు ఈ తోటలు తప్పక చూడాలి. అంత అందమైన సీమ ప్రపంచంలో తక్కువ. అయితే స్టెల్లెన్‌బాష్‌కు బయల్దేరే ముందు ఒక పూట కంపెనీ గార్డెన్ పక్కనున్న స్లేవ్ లాడ్జిలో గడపాలి. అది ఇప్పుడు మ్యూజియం. దాని పక్క చర్చి స్క్వేర్‌లో 2008లో నిలిపిన 11 నల్ల గ్రానైటు దిమ్మెల్లో కొన్నిటి మీద బానిసల పేర్లు చెక్కి ఉన్నాయి. ఆ పేర్లు చదివి, ఆ తర్వాతే తోటలకు వెళ్లండి.